ఉపవాస మాసమున పాల బహిష్కారము

రంజాను మాసము వచ్చినపుడు మన పాఠశాలయందలి ముస్లిము బాలురు కొందఱు మధ్యాహ్నపు గంట మ్రోగినను అన్నపు గిన్నె తెఱవక, గ్రుక్కెడు నీరైనను త్రాగక, చెట్టునీడను కూర్చుండుట మన మెల్లరము చూచుచున్నాము. "వారేల తినరు?" అని చిన్న తరగతుల పిల్లలు అడుగుదురు. దైవాజ్ఞకు లోబడి తినకుండుట ఉపవాసమని మేము చెప్పుదుము. ఈ యేడు పై తరగతి విద్యార్థి యొకడు వేఱొక ప్రశ్న వేసెను: "అయ్యా, అన్యాయమునకు ఒప్పుకొనక యొక వస్తువును తినకుండుటయు ఉపవాసమే యగునా?" ఈ ప్రశ్నకు ఒక్క మాటలో ప్రత్యుత్తర మీయజాలక, 2018వ సంవత్సరమున మొరాకో దేశమున జరిగిన వృత్తాంతము నొకదానిని ఇచ్చట వివరింప బూనితిమి.

మొట్టమొదట బహిష్కారమన నేమో తెలిసికొందము. ఒకని సరకు కొనకుండుట, వానితోడి వ్యవహారము మానుట బహిష్కారము. ఇంగ్లీషువారు దీనిని బాయికాట్టు అందురు. అది నిజమునకు ఒక మనుష్యుని పేరు. 1880వ సంవత్సరమున ఐర్లండు దేశపు మేయో మండలములో కెప్టెను బాయికాట్టు అనునతడు ఒక ప్రభువుగారి భూములపై కార్యకర్తగా నుండెను. శిస్తు తగ్గింపుమని వేడిన రైతులను వెడలగొట్ట బూనగా, కూలివారు అతని పైరు కోయరైరి. అంగడివారు సరకు అమ్మరైరి. ఇట్లు అతని పేరే ఆ పనికి పేరయ్యెను.

అయితే పేరు పుట్టక మునుపే పని యున్నది. 1791వ సంవత్సరమున ఇంగ్లండులో అనేక కుటుంబములవారు పడమటి ఇండియా దీవుల చక్కెరను మానివేసిరి. అది బానిసల కన్నీటితో పండిన పంట గనుక తమ బల్లపై నుంచుట పాపమని వారు తలంచిరి. తరువాత మన దేశమునకు వచ్చిన విలియం కేరీ దొరగారు 1792లో ప్రకటించిన తమ గ్రంథమున ఈ సంగతి నెత్తి, చక్కెర మానుటచే వారమునకు మిగులు ఆఱు పెన్నీలనో షిల్లింగునో సువార్త పనికి ఈయవచ్చునని సూచించిరి. చక్కెర మానినంత మాత్రమున బానిసల వ్యాపారము ఆగలేదు. దానిని నిషేధించు చట్టము 1807లో గాని రాలేదు. అయినను సామాన్యుల యింటి బల్లయొద్ద మొదలైన ఆ తలంపు చట్టసభవఱకు నడచినదని మనము మఱువరాదు.

ఇక మొరాకో సంగతి. అది ఆఫ్రికా ఖండపు వాయవ్య మూల నున్న రాజ్యము. ప్రజలలో దాదాపు అందఱును ముస్లిములు. రంజాను మాసమున వారు తెల్లవారక మునుపే భుజించి, సూర్యాస్తమయమువఱకు అన్నపానములు ముట్టరు. సాయంకాలపు బాంగు వినబడగానే ఖర్జూరపు పండును పాలును పుచ్చుకొని ఉపవాసము విడుతురు. పిమ్మట టొమాటోలు, సెనగలు, మసూరుపప్పు వేసి కాచిన హరీరా యను చారును, తేనెలో ముంచిన షబ్బాకియా యను మిఠాయిని బంధుమిత్రులతో గూడి ఆరగింతురు. ఉపవాస మాసమున ఆహారపు ఖర్చు తగ్గునని పైవారు తలంతురు. జరుగునది అందుకు విరుద్ధము. అతిథులు వత్తురు, బీదలకు పెట్టవలెను, సాయంకాల భోజనము ఘనముగా నుండవలెను. కావున పాల వ్యాపారికి ఆ నెల రైతునకు కోతకాలము వంటిది.

2018వ సంవత్సరము ఏప్రిలు 20వ తేదీన, అనగా రంజానుకు సుమారు నాలుగు వారములు ముందుగా, ఫేస్‌బుక్కున ఒక పిలుపు వెలువడెను. మూడు సరకులు కొనవలదని దాని సారాంశము: సెంత్రాల్ దనోన్ వారి పాలు, సీదీ అలీ యను సీసా నీరు, ఆఫ్రికియా వారి పెట్రోలు. ధరలు మిక్కిలి పెరిగినవనియు, సంసారి మోయజాలడనియు పిలుపునకు కారణము చెప్పబడెను. మూడును తమ తమ వ్యాపారములలో అగ్రగాములు. పాల కంపెనీలో అధికభాగము ఫ్రాన్సు దేశపు దనోన్ వారిది. నీటి కంపెనీని నడపునామె వర్తక ప్రముఖుల సమాజమునకు నాటి అధ్యక్షురాలు. పెట్రోలు కంపెనీ నాటి వ్యవసాయమంత్రి అజీజ్ అఖన్నూష్ గారి కుటుంబపు సంస్థ. పెట్రోలుపై ప్రభుత్వపు నియమిత ధరలు 2015 తుదిని తొలగిపోగా, కంపెనీలు అధికలాభములు తీయుచున్నవను అనుమానము బలపడియుండెను. ఏలువారును అమ్మువారును ఒక్కరే యైనపుడు ధర అధికమని ఎవరితో మొఱపెట్టుకొనవలెను? ఈ ప్రశ్నయే ఆ బహిష్కారమునకు మూలము.

వారు వీథికెక్కి యేల మొఱపెట్టుకొనలేదని మీరడుగవచ్చును. అంతకు మునుపు, 2016వ సంవత్సరము అక్టోబరులో, అల్ హొసైమా పట్టణమున ఒక చేపల వర్తకుడు, అధికారులు లాగికొనిన తన సరకును కాపాడుకొన బోయి, చెత్తబండి యంత్రమున నలిగి మరణించెను. అందుపై లేచిన ఆందోళనమున వందలకొలది జనులు చెఱ పాలైరి. 2018 జూనులో నాయకులకు ఇరువది సంవత్సరములవఱకు శిక్షలు పడెను. వీథిలో నిలిచినవానిని పట్టుకొనవచ్చును. అంగడికి పోయి పాలు కొననివానిని ఏ రక్షకభటుడు పట్టుకొనగలడు? కొనకుండుటకు ఊరేగింపు వలదు, నాయకుడు వలదు, ధైర్యవంతుడై యుండవలెనను నియమమైనను లేదు. ఇల్లాలు తన వంటయింటనే నిలిచి దేశకార్యమున పాలుగొనవచ్చును.

ఏలికలు మొదట దీనిని తేలికగా నెంచిరి. ఆర్థికమంత్రి చట్టసభలో మాటలాడుచు బహిష్కారులను తల తిరిగినవారని నిందించెను. పాల కంపెనీ యుద్యోగి యొకడు ఇది దేశద్రోహమనెను. ఆ మాటకై కంపెనీవారు తరువాత క్షమాపణ వేడుకొనిరి. అసత్యవార్తలు వ్యాపింపజేయువారు శిక్షార్హులని ప్రభుత్వ పక్షమున హెచ్చరిక వెలువడెను. నిందావాక్యములు నిప్పుపై నేయి పోసినట్లయ్యెను. "ఖల్లీహ్ యెరీబ్", అనగా "ఆ పాలు విరిగిపోనిండు" అను మాట ఊరూర వ్యాపించెను. మే నెల 17వ తేదీన రంజాను ప్రారంభము కాగా, పాలు మిక్కిలిగా అమ్ముడుపోవలసిన దినములలోనే ఆ కంపెనీ పాలు అంగళ్లలో మిగిలిపోజొచ్చెను. ఆ సంవత్సరపు మొదటి ఆఱు నెలలలో 15 కోట్ల దిర్హముల నష్టము రాగలదని మే నెలాఖరున కంపెనీ ప్రకటించెను.

ఇంతవఱకు చదివినవారు ఇది బలహీనుల జయమని సంతోషింపవచ్చును. కాని వృత్తాంతమునకు మఱియొక ముఖము కలదు. ఆ కంపెనీకి పాలు పోయువారు సుమారు 1,20,000 మంది రైతులు. వారిలో అనేకులు కొలది యావులు మాత్రమే గల చిన్నవారు. అమ్మకము తగ్గగానే కంపెనీవారు రైతులనుండి కొను పాలలో నూటికి ముప్పదివంతులు తగ్గించిరి. తాత్కాలికపు కార్మికులను పనినుండి తొలగించిరి. బహిష్కారమున్నదని ఆవు పాలీయక మానునా? ఉదయమున పితికిన పాలను సాయంకాలము ఏమి చేయవలెను? జూను మొదటి వారమున ఆ కంపెనీ కార్మికులే రాజధానియగు రబాతులో చట్టసభ యెదుట నిలిచి, ఇక చాలింపుడని మొఱపెట్టుకొనిరి. వారితో గూడ నిలిచిన మంత్రి యొకడు ప్రజల యాగ్రహమునకు గుఱియై, తన్ను పదవినుండి తప్పింపుమని కోరుకొనవలసి వచ్చెను. కార్మికుని మొఱయు నిజమే, కొనువాని మొఱయు నిజమే. రెండు నిజములు ఎదురెదురుగ నిలిచినపుడు న్యాయము తీర్చుట కష్టము.

తుదకు దనోన్ వారి ముఖ్యాధికారి ఎమ్మాన్యుయేల్ ఫాబేర్ స్వయముగా మొరాకో వచ్చి జనుల మాటలు వినెను. సెప్టెంబరు మాసమున పాల ధర తగ్గించి, సామాన్యపు పాలను లాభము లేక అసలు ఖర్చుకే అమ్మెదమనియు, లెక్కలు బయటపెట్టెదమనియు ప్రకటించెను. పెట్రోలు విషయమున మాత్రము ఫలము ఆలస్యమయ్యెను. 2023వ సంవత్సరము నవంబరులో వ్యాపారస్పర్ధను పరిశీలించు సభవారితో తొమ్మిది కంపెనీలు రాజీపడి 184 కోట్ల దిర్హములు చెల్లింప నొప్పుకొనెను. అఖన్నూష్ గారో, 2021వ సంవత్సరపు ఎన్నికలలో వారి పక్షము నెగ్గగా, ప్రధానమంత్రియే యయిరి. పాల ధర తగ్గింప గలిగిన యాయుధము పరిపాలనను మార్పజాలకపోయెను.

ఇందువలన మనము నేర్వదగిన దేమి? 1921 మొదలు మన పెద్దలును విదేశవస్త్రమును బహిష్కరించిరి. అందుచే లాంకషైరు మగ్గములయొద్ద పనిలేక బాధపడినవారును కూలివారే. గాంధిగారు 1931 సెప్టెంబరులో ఇంగ్లండునకు పోయినపుడు ఆ కూలివారి యొద్దకే వెళ్లి, వారి కష్టము విని, తమ దేశపు బీదల కష్టము వారికి చెప్పిరి. వారును ఆయనను ఆదరముతో చూచిరి. బహిష్కారమున నష్టపడువాని ముఖము చూడ వెఱవనివాడే బహిష్కరించుటకు తగినవాడని మాకు తోచుచున్నది. మఱియు అడుగునది స్పష్టముగా నుండవలెను. అది దొరకినపుడు మానుటయు తెలిసియుండవలెను. మన పంతము వలన చిన్న రైతు చితికిపోవునేమో యని ముందుగా తలపోయవలెను. మనతో కలియనివానిని బలవంతపెట్టరాదు.

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వత్తము. నోరు కట్టుకొనుట మాత్రమే ఉపవాసము కాదనియు, దుర్మార్గపు కట్లు విప్పుటయు ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటయు దేవునికి ప్రియమైన ఉపవాసమనియు యెషయా ప్రవక్త బోధించెను. రంజానున ఉపవాసముండు మన సోదరులకును, లెంతు దినములలో ఉపవాసముండు మనకును ఈ తలంపు పరాయిది కాదు. కోపముతో మానిన పాలు విరిగిన పాలే యగును. పొరుగువాని మేలు కోరి మానినచో అది ఉపవాసమునకు దగ్గఱ చేరును. ఆ మొరాకో కొట్టములో ఆవు ప్రక్కను పాలకడవతో నిలుచున్న రైతును తలంచుకొనియే, బాలకా, నీవు నీ ప్రత్యుత్తరము చెప్పుకొనవలెను.