డీసెలు కారులోని థర్మోస్టాటు – ఇంటనే మార్చుకొను విధము

అన్నము వండు ఇల్లాలికి నిప్పుపాళము నెఱిగింప నక్కఱలేదు. మంట చాలనిచో మెతుకు పలుకుగా మిగులును, మించినచో అడుగంటును. కారు ఇంజనునకును అట్టి పాళ మొకటి కలదు. దానిని కాపాడు సాధనమే థర్మోస్టాటు. అరచేతిలో నిముడు నీ చిన్న వస్తువు చెడినచో, చాపక్రింది నీరువలె ఇంటి సొమ్ము తెలియకుండ జాఱిపోవును. కావున దీని స్వభావము సోదరీమణు లెఱిగి యుండుట మేలని తలంచుచున్నాము.

థర్మోస్టాటు నడుమ మైనము నింపిన లోహపు డిబ్బీ యుండును. ఇంజను చల్లగా నున్నంతవఱకు దాని మూత బిగిసియుండి, నీటిని రేడియేటరునకు పోనీయక ఇంజనులోనే త్రిప్పును. నీరు సుమారు 82 మొదలు 90 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడెక్కగానే (ఏ డిగ్రీయో ఆ వస్తువుపైననే చెక్కియుండును) మైనము కరగి యుబ్బి, ఒక కడ్డీని నెట్టి మూతను తెఱచును. అప్పుడు నీరు రేడియేటరునకు పోయి చల్లబడి వచ్చును.

“మన యెండలకు థర్మోస్టాటేల? తీసి పాఱవేయుడు” అను మాట మరమ్మతు దుకాణములలో తఱచుగా వినబడును. ఇది సరికాదు. ఎండ 42 డిగ్రీలున్న దినమున సైతము, అది ఇంజను కోరు వేడిమిలో సుమారు సగమే. జర్మనీ దేశపు రుడాల్ఫు డీసెలు 1893లో పేటెంటు పొందిన ఈ యంత్రమునకు నిప్పురవ్వతో పనిలేదు. గాలిని గట్టిగా నదుమగా పుట్టిన వేడిలోనికి డీసెలును చిమ్మినంతనే అది తనంతట మండును. ఇంజను గోడలు చల్లగా నున్నచో ఆ వేడిని గోడలే హరించును. డీసెలు చక్కగా మండక పొగయగును. కొంత కందెన నూనెలో గలిసి దానిని పలుచన చేయును. 2020 ఏప్రిలు మొదలుకొని అమ్మబడుచున్న బి.ఎస్. 6 డీసెలు కార్లలో మసిని పట్టు వడపోత కలదు. ఇంజను తగినంత వేడెక్కనిదే ఆ మసి సరిగా కాలిపోదు.

మాది ఉపాధ్యాయుని కుటుంబము. నివాసము శంషాబాదు చెంత. గత శీతకాలమున మా పాత డీసెలు కారు ఔటరు రింగు రోడ్డుపై నెంత దూరము పోయినను వేడిమిని చూపు ముల్లు నడిమికి రాలేదు. ఆరాంఘరు చౌరస్తాలో రద్దీకి నిలిచినపుడు కొంత లేచి, వేగము హెచ్చగానే మరల పడిపోయెడిది. డీసెలు ఖర్చు పెరిగెను. ఒక దుకాణమువారు నీటిపంపును, రేడియేటరును రెంటిని మార్చవలెనని, సగము నెల జీతమునకు మించిన లెక్క చెప్పిరి. లక్షణములు చూడగా మూత తెఱచుకొనియే యిఱుక్కుపోయినట్లు మాకు తోచెను. ఉదయము చల్లని యింజనును నడిపి, రేడియేటరు పైగొట్టమును తాకి చూచితిమి. మంచి థర్మోస్టాటున్నచో ఆ గొట్టము చాలసేపు చల్లగానుండి, పిమ్మట ఒక్కసారిగా వేడెక్కవలయును. మాది మొదటి నిమిషములనుండియే మెల్లమెల్లగా గోరువెచ్చనయ్యెను. సందేహము తీఱినది.

పిదప మావారును మేమును ఆదివారమున ఆ పనికి పూనుకొంటిమి. ఇంజను రాత్రియంతయు చల్లారియుండవలయును. వేడిగా నున్నపుడు రేడియేటరు మూత త్రిప్పినచో మరుగు నీరు ఎగజిమ్మి ముఖమును కాల్చును. గాజులు తీసి, జడ ముడిచి, పైటకొంగు బిగించుకొనుట మఱవరాదు. బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పి యుంచుట మంచిది. చక్రములకు రాళ్లడ్డుపెట్టి, క్రింద వెడల్పు పళ్లెముంచి, కూలెంటును దింపితిమి. పైగొట్టము ఇంజనును కలియుచోట నున్న చిన్న లోహపు గూటిలోనే మా థర్మోస్టాటున్నది. కొన్ని కార్లలో క్రిందిగొట్టము వైపున నుండును. పానాతో బోల్టులు విప్పి, పాతదానిని ఏ ముఖమెటున్నదో గుర్తుపెట్టుకొని తీసితిమి. స్ప్రింగు ఇంజను వైపునకే యుండవలయును.

క్రొత్తదానిని బిగించుటకు ముందు పరీక్షించుట మేలు. వంటకు పనికిరాని పాతగిన్నెలో నీరు పోసి, దారముతో థర్మోస్టాటును అడుగు తగులకుండ వ్రేలాడదీసి, ఉష్ణమాపకముంచి కాచవలెను. చెక్కిన డిగ్రీకి చేరువలో మూత తెఱచుకొని, చల్లారగానే మూసికొన్నచో అది మంచిది. మా పాతది చన్నీటిలోనే నోరు తెఱచియుండెను.

అంటుకొన్న పాత గ్యాస్కెట్టును లోహము గీఱుకొనకుండ గోకి, క్రొత్తది వేసి, బోల్టులను ఒకదాని తరువాత నొకటి కొంచెము కొంచెముగా సమముగ బిగింపవలయును. అల్యూమినియపు గూడు అతిబిగువునకు పగులును. పిమ్మట బ్యాటరీ తీగను తగిలించి, కారు పుస్తకములో చెప్పిన కూలెంటును మెల్లగా పోసి, హీటరును వేడివైపునకు త్రిప్పి, ఇంజనును నడిపి, లోని గాలిని ఆ పుస్తకములోని క్రమమున వెడలగొట్టవలయును. గాలి మిగిలినచో నీరు తిరుగక ఇంజను ఉడికిపోవును. చల్లారిన పిదప మట్టము చూచి తక్కువైనంత పోయవలయును. దింపిన కూలెంటులోని ఇథిలీను గ్లైకాలు తియ్యని విషము. పసిబిడ్డలకును కుక్కలకును అందనీయరాదు, కాలువలో పోయరాదు.

మూత మూసికొనియే యిఱుక్కుపోవుట యింతకంటె ప్రమాదకరము. 2008 మార్చినుండి విమానములు దిగుచున్న రాజీవ్ గాంధీ విమానాశ్రయమునకు తెల్లవారుజామున చుట్టములను కొనిపోవుట ఇచ్చటి సంసారములకు మామూలు. అట్టివేళ ముల్లు ఎఱ్ఱగీతకు లేచినచో, విమానము తప్పునను తొందరలో ముందునకు పోరాదు. ప్రక్కకు తీసి ఇంజను నాపి, చుట్టములను వేఱు బండిలో పంపుటయే యుక్తము. మించిన వేడికి ఇంజను తల వంకరపోయినచో, దానిని బాగుచేయించు ఖర్చు థర్మోస్టాటు వెలకు ఎన్నో రెట్లగును.

క్రొత్త థర్మోస్టాటు బిగించిన నాటినుండి ముల్లు నడుమ నిలుచుచున్నది. అన్నిటిని స్వయముగ చేయవలెనని మేము చెప్పము; గూడు చేయి దూరని చోట నున్న కార్లను పనివానికే యప్పగింపుడు. ఐనను ఏది చెడినదో ఎఱిగి యడిగిన యిల్లాలిని, చెడని వస్తువునకు వెల యిమ్మని యడుగుట సులభము కాదు.