అయిదొందల మీటర్లకు ముందే

1822 డిసెంబరులో ఆగస్టస్ డెస్టే అనే 28 ఏళ్ల ఆంగ్లేయుడు బంధువుతో కొన్ని రోజులు గడుపుదామని స్కాట్లండు వెళ్లాడు, తీరా వెళ్లేసరికి ఆ బంధువు చనిపోయి ఉన్నాడు. అంత్యక్రియలు ముగిశాక డెస్టేకు చూపు మసకబారింది. వచ్చిన ఉత్తరాలు ఇంకొకరి చేత చదివించుకోవాల్సి వచ్చింది. మందేమీ వాడకుండానే చూపు మళ్లీ వచ్చింది. అయిదేళ్ల తర్వాత ఫ్లోరెన్సులో ఒకటి రెండుగా కనిపించసాగింది, ఆపైన కాళ్లలో సత్తువ పోయింది. కొన్నాళ్లకు తేరుకుని నడిచాడు, మళ్లీ పడ్డాడు. మూడో జార్జి రాజుకు మనవడైన ఈయన తన ఒంటి సంగతులన్నీ డైరీలో రాసుకుంటూ వచ్చాడు. ఊతకర్రలు వచ్చాయి, ఆ తర్వాత చక్రాల కుర్చీ వచ్చింది. 1848లో చనిపోయాడు. ఆయనకు వచ్చింది మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) అని ఆ డైరీ చదివిన వైద్యులు తర్వాతి కాలంలో తేల్చారు. పారిస్‌లో షార్కో ఆ జబ్బును విడిగా గుర్తించి వర్ణించింది 1868లో.

ఎమ్మెస్‌లో శరీర రక్షణ వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో ఉన్న నరాల పోగుల మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. దాంతో మెదడు ఇచ్చిన ఆదేశం ఆలస్యంగా చేరుతుంది, లేదా దారిలోనే ఆగిపోతుంది. కాళ్లకు వెళ్లే దారి వెన్నుపాములో చాలా దూరం సాగుతుంది కనుక, పొర దెబ్బతిన్న చోట ఏర్పడే మచ్చ ఆ దారిలో ఎక్కడ పడినా నడకకు ముప్పే.

మన న్యూరాలజిస్టులు మామూలుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారినట్టు తెలుస్తోందా?" జారుతున్నట్టు తెలిసినా పట్టి ఉంచలేకపోతే కండరాల బలహీనత అనుకోవచ్చు. వెనక్కి తిరిగి చూసుకునే దాకా తెలియలేదంటే స్పర్శ తగ్గిందని అర్థం. కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు తూలడం కూడా అలాంటి గుర్తే. ఒకరికి పాదం వేలాడి కాలి వేళ్లు నేలకు తగులుతాయి. ఇంకొకరికి కాళ్లు బిగుసుకుంటాయి, మరొకరు తాగినవాళ్లలా తూలుతారు. ఆ తూలుడు చూసి నలుగురూ ఏమనుకుంటారో అన్న బాధ జబ్బుకు తోడవుతుంది.

వైకల్యాన్ని కొలవడానికి అమెరికన్ న్యూరాలజిస్టు జాన్ కర్ట్‌జ్కీ 1983లో రూపొందించిన ఈడీఎస్ఎస్ స్కేలునే నేటికీ ఎక్కువగా వాడుతున్నారు. అది 0 నుంచి 10 దాకా ఉంటుంది. నాలుగు దగ్గర మనిషి ఆసరా లేకుండా, ఆగకుండా సుమారు 500 మీటర్లు నడవగలడు. అయిదుకు ఆ దూరం 200కు పడిపోతుంది. ఆరు అంటే 100 మీటర్లకు ఒక వైపు ఊతం కావాలి, ఏడుకు చక్రాల కుర్చీ. ఈ స్కేలు పనికొచ్చేదే. అయితే మీటర్లు తగ్గేదాకా ఎదురుచూస్తే అప్పటికే చాలా పోగొట్టుకుని ఉంటారు. అందుకే 25 అడుగుల దూరాన్ని ఎన్ని సెకన్లలో నడిచారో కూడా కొలుస్తారు. ఆ సమయం 20 శాతం పెరిగితే దాన్ని పట్టించుకోవలసిన మార్పుగానే లెక్కిస్తారు. స్టాప్‌వాచ్ ఉంటే చాలు, ఈ పరీక్ష ఏ చిన్న క్లినిక్‌లోనైనా చేయవచ్చు. ప్రతి సందర్శనలోనూ చేయాలి.

ఎందుకంటే ఎమ్మెస్ ఎప్పుడూ చెప్పి రాదు. సుమారు 85 శాతం మందిలో మొదట తిరగబెట్టి తగ్గే రూపంలో కనిపిస్తుంది. కానీ కొత్తగా తిరగబెట్టకపోయినా నడక నెమ్మదిగా క్షీణించవచ్చని పరిశోధకులు ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు. "ఈ ఏడాది అటాక్ రాలేదు" అన్న మాటతో ఊరట చెంది ఊరుకోకూడదు. మరోవైపు, మే నెల ఎండలోనో వేడినీళ్ల స్నానం తర్వాతో కాళ్లు సడలిపోతే జబ్బు ముదిరిందని హడలిపోనక్కరలేదు. ఒంటి వేడికి నరాల ప్రసారం మందగించడం వల్ల అలా జరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. ఉటాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు ఇలాంటి మార్పునే, శ్రమ తర్వాత చూపు తాత్కాలికంగా మసకబారడాన్ని, 1890లోనే గమనించాడు.

నడక వేగం కోసం అమెరికాలో 2010లో అనుమతి పొందిన డాల్‌ఫాంప్రిడిన్ కొందరికే పనిచేస్తుంది. మోతాదు మించితే మూర్ఛ వచ్చే ప్రమాదముంది. మొదటినుంచీ ముదురుతూ పోయే రకానికి 2017లో ఓక్రెలిజుమాబ్ వచ్చింది. వ్యాయామం, పాదం వేలాడకుండా చీలమండకు తొడిగే పట్టీ, చేతికర్ర ఖరీదైనవి కావు. కర్ర పట్టుకోవడం ఓటమి అనుకుని కిందపడి తుంటి విరగ్గొట్టుకోవడం కన్నా కర్రతో నడవడం ఎంతో మేలు.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఎమ్మెస్ ఒకటి. రిజర్వేషన్ల వంటి ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. పొద్దున చల్లపూట బాగానే నడిచిన మనిషి సాయంత్రానికి గుమ్మం దాటలేకపోవడం ఈ జబ్బులో మామూలే. కనుక పరీక్ష రోజున వేసిన నాలుగడుగులతో పాటు, నెలల తరబడి రాసి ఉంచిన నడక కొలతలనూ మెడికల్ బోర్డు చూడాలి.