చుట్టు పెరిగినా గడువు మారదు

తిరువూరులో ఇంటర్ పిల్లలకు సైక్లోట్రాన్ బొమ్మ బోర్డు మీద వేస్తుంటే ఒకమ్మాయి అడిగింది: “సార్, ప్రోటాన్ చుట్టు చుట్టుకీ పెద్ద వలయంలోకి పోతోంది. దారి పెరిగితే టైమూ పెరగాలి కదా? మరి వోల్టేజి దిక్కు ఒకే లెక్కన మారుస్తుంటే సరిపోతుందా?”

సరిపోతుంది. ఆ యంత్రం నడిచేదే దానివల్ల. అయస్కాంత క్షేత్రంలో కణం వేగం రెట్టింపైతే వలయం వ్యాసార్ధమూ రెట్టింపవుతుంది. దారి ఎంత పెరిగిందో వేగమూ అంతే పెరిగింది. చుట్టుకు పట్టే సమయం మారదు. కళ్లంలో బంతి తొక్కించడం చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు: రాట పక్క ఎద్దు నింపాదిగా నడుస్తుంది, కొస ఎద్దు పరుగెడుతుంది, చుట్టు మాత్రం రెండూ కలిసే పూర్తిచేస్తాయి. అందుకని రెండు బోలు లోహపు డబ్బాల మధ్య వోల్టేజిని ఒకే లయలో అటూ ఇటూ మార్చితే చాలు, సందు దాటిన ప్రతిసారీ కణానికి ఒక తోపు తగులుతుంది. 1931లో బర్కిలీలో లారెన్స్, లివింగ్‌స్టన్ నాలుగున్నర అంగుళాల యంత్రంతో, 1,800 వోల్టులతోనే, అయాన్లకు 80,000 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తినిచ్చారు.

తర్వాత కట్టిన పెద్ద యంత్రం రేడియో ఐసోటోపులు పుట్టిస్తున్నా వాళ్లు గమనించలేదు. దానికీ, రేడియేషన్‌ను పసిగట్టే గైగర్ కౌంటరుకూ ఒకటే స్విచ్చి. యంత్రం ఆపితే కౌంటరూ ఆగిపోయేది. 1934లో పారిస్‌లో జోలియో-క్యూరీ దంపతులు కృత్రిమ రేడియోధార్మికతను కనుక్కున్నారని తెలిశాక తీగలు మార్చి చూస్తే, కౌంటరు టకటకలాడింది. మరుసటి ఏడాది నోబెల్ పారిస్‌కు వెళ్లింది.

నాకు మరీ ముచ్చటగా అనిపించేది, అలాంటి రేడియో ఐసోటోపులనే తయారుచేసే నేటి ఆసుపత్రి సైక్లోట్రాన్లలో చివరి చుట్టు. అయస్కాంతం పట్టులోంచి కణాన్ని బయటికి తీయడమెలా? చాలా యంత్రాల్లో తిప్పేది వట్టి ప్రోటాన్‌ను కాదు, రెండు ఎలక్ట్రాన్లున్న హైడ్రోజన్ రుణ అయాన్‌ను. అంచున పలుచటి కార్బన్ రేకు ఉంటుంది. దానిలోంచి దూసుకుపోగానే ఎలక్ట్రాన్లు రెండూ ఊడిపోతాయి, రుణావేశం ధనావేశమవుతుంది. అంతవరకు లోపలికి వంచిన అయస్కాంతమే ఇప్పుడు బయటికి వంచి సాగనంపుతుంది!

ఆ ప్రోటాన్లు తగిలేది కాసిని ఆక్సిజన్-18 నీళ్లకు. మామూలు నీటిలోని ఆక్సిజన్‌లో ఈ రకం 0.2 శాతమే. దాన్ని 95 శాతం దాటేలా చిక్కబరిచే ప్లాంటు మనకు దగ్గర్లోనే ఉంది: తిరువూరు మీదుగా కొత్తగూడెం పోయే 30వ నంబరు హైవే పట్టుకుంటే, ఆపైన అశ్వాపురంలోని మణుగూరు భారజల కర్మాగారం. ప్రోటాన్ దూరి న్యూట్రాన్‌ను నెట్టేస్తే ఆక్సిజన్-18 ఫ్లోరిన్-18 అవుతుంది. గ్లూకోజు లాంటి అణువుకు దాన్ని తగిలిస్తే ఎఫ్‌డీజీ. చక్కెరను ఎక్కువగా లాక్కునే క్యాన్సర్ కణాలు పెట్ స్కాన్‌లో బయటపడతాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీది పీఎస్‌ఎమ్‌ఏ ప్రోటీనుకు అంటుకునే అణువుకు తగిలిస్తే, ఈ రోగి గడ్డ దాన్ని పట్టుకుంటోందో లేదో తెలుస్తుంది. పట్టుకుంటే అలాంటి అణువుకే రియాక్టరులో తయారైన లుటీషియం-177 తగిలించి చికిత్స చేయొచ్చు. లేదంటే ఆ మందు ఆ మనిషికి పనికిరాదు.

ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమవుతుంది; ఐదున్నర గంటల ప్రయాణం తర్వాత మిగిలేది ఎనిమిదో వంతే. కాబట్టి నిల్వ మాటే లేదు. ఎవరికి ఎంత డోసు, సూది ఎన్నింటికి అన్నది ముందే అనుకుని, దారిలో తరిగేది కూడా కలిపి తయారుచేస్తారు. స్కాన్‌కు గంట ఆలస్యంగా వెళ్తే, మనకోసం తెచ్చిన డోసులో దాదాపు మూడో వంతు అప్పటికే పోయినట్టు.