కోనేటి మెట్ల నుంచి కంభం కట్ట దాకా

నంద్యాల దగ్గర మహానంది గుడి కోనేట్లో మునిగి లేచినవాళ్లు రెండు రకాలుగా చెబుతారు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున దిగినవాళ్లు నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయంటారు. మే నెల మిట్టమధ్యాహ్నం దిగినవాళ్లు చల్లటి నీళ్లకు ప్రాణం లేచొచ్చిందంటారు. ఇద్దరి మాటా నిజమే. నీళ్ల వేడి మాత్రం ఏడాది పొడుగునా దాదాపు ఒక్కటే. మారేది బయటి గాలి. భూమిలో కొన్ని మీటర్ల లోతుకు పోయాక పైనున్న ఎండా చలీ అంతగా అంటవు. అక్కడి వేడి ఆ సీమ ఏడాది సగటుకు దగ్గరగా నిలకడగా ఉంటుంది. నంద్యాల వైపు మే పగళ్లు 40 డిగ్రీలు దాటిపోతాయి, చలికాలపు వేకువలు 20కి దిగువకు జారతాయి. మధ్యలో ఉండే ఊటనీరు ఒకప్పుడు వెచ్చగా, ఒకప్పుడు చల్లగా తోచడంలో వింతేమీ లేదు.

ఈ ఊట శివలింగం అడుగునుంచి వస్తుందని స్థలపురాణం. అంతకు ముందు సంగతి తెలియాలంటే గుడి వెనకున్న కొండవైపు చూడాలి. ఆ నల్లమల కొండల్లో ఎక్కువగా కనిపించేది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. వంద కోట్ల ఏళ్లకు పూర్వమే నీళ్ల అడుగున పేరుకున్న ఇసుక, ఒత్తిడికి, వేడికి బిగిసి రాయైంది. రాయిలో నీరు ఇంకదు. కానీ భూమి పొరలు ముడతలు పడ్డప్పుడు ఆ రాయి నిలువునా అడ్డంగా పగిలింది. వాన నీరు ఆ పగుళ్లలో దిగుతుంది. నడుమ నడుమ పలకరాయి పొరలున్నాయి. అవి నీటిని కిందికి పోనివ్వవు, పక్కకు తోస్తాయి. కొండ అంచున దారి దొరికినచోట ఆ నీరు ఊటై పైకి వస్తుంది. పలకరాయి అంటే మనకు కొత్తదేమీ కాదు. మన పెద్దలు బలపంతో అఆలు దిద్దిన మార్కాపురం పలకలు ఈ కొండలకు ఆవలి పక్క గనుల్లోవే.

కోనేరు ఐదడుగుల లోతుంటుంది. అడుగున పడ్డ రూపాయి బిళ్ల బొమ్మా బొరుసూ పైనుంచే తెలుస్తుంది. అంత తేటగా ఉండడానికి కారణాలు రెండు. నీరు మట్టి మీదుగా పారి రాదు, రాతి పగుళ్ల గుండా వస్తుంది. వచ్చింది వచ్చినట్టే బయటికి పోతూ ఉంటుంది కాబట్టి పాచి పట్టేంతసేపు నిలవదు. బయటికి పోయిన నీరు అరటి తోటలకు, మడులకు పారుతుంది. చుట్టూ ఎండిన సీమ, ఇక్కడ మాత్రం అరటాకుల పచ్చదనం. ఈ తేడా చాలు, పిల్లలకు భూగర్భజలం అంటే ఏమిటో చెప్పడానికి.

కానీ బడి పిల్లల విహారయాత్ర ఎలా జరుగుతుంది? బస్సు దిగడం, స్నానం, దర్శనం, పులిహోర, ఫొటో. మళ్లీ బస్సు. అడవి గుడి గోడ వెనకే ఉన్నా అటు తల తిప్పి చూసేవాళ్లు అరుదు. పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరి పాఠం చేయమని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పాఠం పుస్తకంలోకి ఎక్కింది, పరీక్షలో మార్కులు తెచ్చింది, అక్కడే ఆగింది. డెన్మార్క్‌లో 1950ల నుంచీ పసిపిల్లల్ని రోజూ అడవికి తీసుకెళ్లి ఆడించే బడులున్నాయని వింటే మనకు వింతగా ఉంటుంది. నల్లమలలోని చెంచు గూడేల్లో పిల్లలు పెరిగిందంతా అలాగే కదా, దానికి బడి అని పేరు పెట్టలేదంతే.

మహానందికి దగ్గర్లో, నంద్యాల నుంచి గిద్దలూరు పోయే ఘాట్ దారిలో పచ్చర్ల ఉంది. అక్కడ అటవీశాఖ జంగిల్ క్యాంపు నడుపుతోంది. ఆత్మకూరు వైపు బైర్లూటిలోనూ ఇలాంటిదే ఉంది. ఉండడానికి గుడిసెలు, గుడారాలు, తిరగడానికి జీపు, దారి చూపడానికి స్థానికులు, వాళ్లలో చెంచులు. జీపెక్కినవాళ్లంతా అడిగేది ఒక్కటే: పులి కనిపిస్తుందా? 2022 లెక్కల్లో మన రాష్ట్రంలో తేలిన పులులు 63. అడవి చూస్తే వేల చదరపు కిలోమీటర్లు. పులి కోసమే పోయినవాడు చాలావరకు ఏమీ చూడకుండానే వస్తాడు. నన్నడిగితే పిల్లలకు జీపు సవారీ అన్నిటికంటే తక్కువ రకం పాఠం. చప్పుడుకు అడవి మూగబోతుంది, వేగానికి చెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నడిస్తేనే ఏదైనా దొరుకుతుంది: ఇసుక వంకలో కణితి గిట్టల గుర్తులు, కొండముచ్చు ఉన్నట్టుండి అరిచిన అరుపు, దానికి బదులుగా దుప్పి కూత. చిరుతో పులో ఏ దిక్కున కదులుతోందో ఆ అరుపుల్ని బట్టే చెబుతారు చెంచులు.

నడకలో ఒక్క చెట్టు దగ్గర ఆగమంటే నేను తపసి చెట్టు దగ్గర ఆగుతాను. రాతి నేలల్లో, మరో చెట్టు నిలవని చోట ఇది నిలుస్తుంది. నున్నటి పాలిపోయిన కాండం, పైన పలచటి కాగితంలా ఊడి వచ్చే బెరడు. మాఘం వెళ్లేసరికి ఆకంతా రాల్చేసి మోడులా ఉంటుంది, చచ్చిందేమో అనిపిస్తుంది. చావలేదు, ఆకుల గుండా నీరు ఆవిరై పోకుండా కాచుకుంటోంది. కాండం మీద గాటు పెడితే బంక ఊరుతుంది. పొడిబారిన బంక ముక్కను రాత్రి గిన్నెడు నీళ్లలో వేసి తెల్లారి చూస్తే, గిన్నె నిండా ఉబ్బి జిగురు ముద్దయి ఉంటుంది. మలబద్ధకపు మందుల్లోకి, కట్టుడుపళ్లు అతికే జిగురులోకి పోయేది ఈ బంకే. చెంచులు దాన్ని సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. గాటు ఎంత లోతుండాలి, మానడానికి ఎన్నాళ్లు వదలాలి అన్నదే ఇందులో అసలు విద్య. ఆశకొద్దీ లోతుగా నరికితే చెట్టు ఎండిపోతుంది.

ఈ నంద్యాల–గిద్దలూరు అడవిలో ఉండే మరో జీవి కథ రైలుతో మొదలవుతుంది. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త, గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక పెద్ద సాలీడును లోకానికి పరిచయం చేశాడు. మెరిసే నీలిరంగు ఒళ్లు. ఆ తర్వాత నూరేళ్లు దాని జాడే లేదు. 2001లో మళ్లీ కనిపించింది, గుత్తిలో కాదు, తూర్పున నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో. మొదటిది కలప దుంగలతోపాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని నిపుణుల ఊహ. ముసలి చెట్ల తొర్రల్లో దీని కాపురం. ఒంటి నీలం రంగు వర్ణకం వల్ల కాదు, వెంట్రుకల్లోని అతి సూక్ష్మమైన పొరలు వెలుగును తిప్పికొట్టే తీరు వల్ల వచ్చింది. విదేశాల్లో దీన్ని పెంపుడు జంతువులా కొంటారు. ఇంటి అడవిలో మాత్రం ఇది తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో ఉంది. తొర్రలున్న పాత చెట్టును పనికిరాని కట్టెగా కొట్టేయకూడదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అదే రైలు దారి ఇప్పటికీ గాజులపల్లె దాటి, సొరంగంలో దూరి, దిగువమెట్ట, గిద్దలూరు మీదుగా కంభం చేరుతుంది. మహానంది చూసిన పిల్లల్ని ఆ దారిన తీసుకెళ్లాలి. ఎందుకంటే కొండకు పడమట పడ్డ చినుకు కుందూ నదిలో కలిసి పెన్నకు పోతుంది. తూర్పున, గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ వేరే దారిన నేరుగా సముద్రానికి పోతుంది. పోయే దారిలో దాన్ని రెండు కొండల మధ్య ఆపి చేసిందే కంభం చెరువు. శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. సన్నటి కనుమను ఎంచుకున్నారు కాబట్టి సుమారు 57 అడుగుల ఎత్తు కట్టతోనే మైళ్ల కొద్దీ నీరు నిలిచింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని, కర్నూలు–కడప (కేసీ) కాలువను, కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును కలిపి వారసత్వ కట్టడాలుగా గుర్తించింది.

పోరుమామిళ్లది మరీ విశేషం. 1369 నాటి శాసనంలో మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు రాసిపెట్టారు. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా ఇచ్చారు. ఏ ఇంజనీరింగ్ కాలేజీ అయినా మొదటి తరగతి ఆ రాతి ముందు పెట్టుకోవచ్చు.

పోవాలనుకునేవాళ్లకు రెండు మాటలు. గుండ్ల బ్రహ్మేశ్వరం 1990 నుంచీ అభయారణ్యం, అనుమతి లేకుండా దారి వదిలి తిరగడం నేరం. 2024 జూన్‌లో మహానంది గుడి పరిసరాల్లోనే చిరుత తిరిగి జనం హడలిపోయారు. చిరుతకు కుక్కలు, పందులు తేలికైన తిండి. అవి చేరేది మనం పారేసిన ఎంగిలాకుల దగ్గరే. జులై నుంచి సెప్టెంబరు దాకా పులుల అడవిలోకి సందర్శకుల్ని రానివ్వరు. ఊటలు, వంకలు నిండేది అప్పుడే మరి. అయితే కోనేటికి, రైలుకు, కంభం కట్టకు ఆ అడ్డు లేదు. పిల్లలతో పోయేవాళ్లు వానలు పడ్డాక ఒకసారి, మే నెలలో ఒకసారి పోయి, రెండుసార్లూ కట్టమీద ఒకే చోట నిలబడి నీటిమట్టం ఎక్కడుందో రాయించాలి.