సెల్‌ఫోను ద్వారా బెల్లము అమ్మకము

అనకాపల్లి బెల్లమునకు తరతరాలుగా పేరు కలదు. ఈ పట్టణములోని బెల్లం బజారు దేశములోని పెద్ద బెల్లం బజారులలో ఒకటి. ఇచ్చటి చెరకు పరిశోధన కేంద్రము 1913లో స్థాపించబడి నేటికిని పనిచేయుచున్నది. 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లానుండి విడివడి అనకాపల్లి ప్రత్యేక జిల్లా అయినది. అయినను దీనికి దగ్గరనున్న పెద్ద గిరాకి విశాఖపట్నమే. రేవులోను, ఉక్కు కర్మాగారములోను పనిచేయు వేలాది కుటుంబములు గాజువాక, ఉక్కునగరము, మధురవాడ మొదలగు చోట్ల కాపురముండి ఏడాది పొడుగునా బెల్లము కొనుచున్నవి. రైతు పొయ్యికిని, ఆ కుటుంబముల వంటయింటికిని నడుమ దూరము ఒక గంట ప్రయాణమునకు మించదు. కాని ఒకరి ముఖ మొకరు ఎన్నడును చూచి యుండరు.

రైతు దిమ్మలను బజారుకు తోలి కొలగారములో దింపును. వర్తకుడు రంగు చూచి మొదటి రకము, రెండవ రకము, నల్లబెల్లము అని వేరుచేయును. ధర ఆ రంగును బట్టియే తేలును. చెరకు ఏ పొలములోనిదో, ఎట్లు వండినదో అడుగువారు తక్కువ. ఈ చిక్కు నుండి కొంతయైన బయటపడవలెనని ఇటీవల కొన్ని కుటుంబములు తమ బెల్లమును సెల్‌ఫోను ద్వారా నేరుగా తినువారికే అమ్మ మొదలుపెట్టినవి. వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అను సాధనములు ఇందుకు పనికివచ్చుచున్నవి. ఈ పద్ధతిలోని లాభమేమి, ప్రమాదమేమి అని మన రైతు సోదరులు ఆలోచింపవలసి యున్నది.

ముందుగా ఒక లెక్క చూతము. ఎకరమునకు 30 టన్నుల చెరకు పండినదనుకొందము. నూరు కిలోల చెరకుకు సుమారు పది కిలోల బెల్లము వచ్చును గావున ఎకరమునకు 3 టన్నుల బెల్లమగును. అనగా కిలో పొట్లములు మూడు వేలు! ఇంటిల్లిపాది కూర్చుండి మూడు వేల పొట్లములు తూచి, కట్టి, చీటి అంటించి, చిరునామాలు వ్రాసి పంపుట సామాన్యమైన పని కాదు. కావున మొత్తము పంటను ఫోను మీద నమ్ముకొనరాదు. మొదటి సంవత్సరము పదవ వంతు మాత్రమే ఇట్లు అమ్మి చూచుట మేలని మా అభిప్రాయము. మిగిలినది యథాప్రకారము కొలగారమునకే తోలవలెను. వర్తకుని విడిచి పెట్టుమని మేము చెప్పుట లేదు. వాన పడు రోజున వంద దిమ్మలు ఒక్కసారి దించుకొని రొక్కమిచ్చువాడు అతడే గదా!

వ్యాపారము చేయువారి కొరకు వాట్సాప్ బిజినెస్ అను ప్రత్యేకపు ఏర్పాటు 2018 జనవరిలో వచ్చినది. 2019 నవంబరు నుండి అందులో సరుకుల పట్టికను, బొమ్మలను, ధరలను అమర్చుకొను వీలు కలిగినది. ఇంటి సొంత మాటలకు ఒక నంబరు, బెల్లమునకు వేరొక నంబరు ఉంచుకొనుట మంచిది. ఒకేసారి పలువురికి వార్త పంపు సదుపాయము కలదు గాని, అందులో ఒక కిటుకు ఉన్నది. ఎదుటివారు మీ నంబరును తమ ఫోనులో వ్రాసికొనియుంటేనే ఆ వార్త వారికి చేరును. కావున తెలియని వేయి మంది నంబర్లు సంపాదించి పంపుట వృథా. అంతేకాదు, విసుగు చెందినవారు ఫిర్యాదు చేసినచో మీ నంబరునే ఆపివేయుదురు. బంధువులు, పాత బేరగాళ్లు, ఉక్కునగరములోనున్న మీ ఊరి ఉద్యోగులు, ఇట్లు ఎరిగిన ఏబది మందితో మొదలుపెట్టవలెను. వారిలో ఒక ఇల్లాలు తమ అపార్ట్‌మెంటు వారి గ్రూపులో "ఈ బెల్లంతో అరిసెలు బాగా వచ్చాయి" అని ఒక్క మాట వ్రాసిన, మీరు పంపు పది ప్రకటనలకంటె అది ఎక్కువ పనిచేయును.

ఇక అసలు సంగతికి వత్తము. ఫోనులో రంగు కనిపించును. రుచి కనిపించదు, వాసన కనిపించదు. బజారులో రంగు చూచి ధర కట్టు అలవాటునుండి తప్పించుకొనుటకై ఫోను పట్టిన రైతు, అచ్చటను రంగుకే చిక్కుకొను ప్రమాదమున్నది. పసుపుపచ్చగా మెరయు దిమ్మ బొమ్మను చూచినవారు వెంటనే అడుగుదురు. ముదురు గోధుమ రంగు దిమ్మను చూచి ముందుకు పోవుదురు. అప్పుడు ఏమగును? పాకములో మరికొంత హైడ్రోసు పడును. సోడియం హైడ్రోసల్ఫైటు అను ఈ మందు బెల్లమును తెల్లబరచును. దానివలన గంధకపు అంశము బెల్లములో నిలిచిపోవును. బెల్లములో సల్ఫర్ డయాక్సైడు పది లక్షల భాగములకు 70 భాగములు మించరాదని ఆహార భద్రతా నిబంధన కలదు. పొయ్యి వద్ద గుప్పెడు లెక్కన చల్లు చేతికి ఈ లెక్క ఎట్లు తెలియును? పైగా ఇట్లు తెచ్చిన రంగు నిలువదు. కొన్నాళ్లు నిలువయుంచిన బెల్లము మరల నల్లబడును. బజారులో అమ్మినచో అది ఎవరి దిమ్మయో ఎవరికిని తెలియదు. ఫోనులో అమ్మినచో మీ పేరు, మీ ఊరు, మీ నంబరు దాని మీదనే ఉండును.

కావున ఫోను బొమ్మలో దిమ్మను చూపుటకంటె వంటను చూపుట మేలు. గానుగ ఆడుట, రసము వడకట్టుట, పాకము మీది మడ్డి తీయుట, సున్నపు తేట పోయుట, బెండ కాండమును దంచి తీసిన జిగురు వేసి మురికిని పైకి తేల్చుట, ఇవి పట్టణవాసులలో చాలమంది ఎన్నడును చూడనివి. పాకము బొట్టును చన్నీటిలో వేసి ఉండకట్టి చూచు ఘట్టము (అప్పటికి పాకపు వేడి సుమారు 118 సెంటిగ్రేడు డిగ్రీలుండును) వారికి ఎంతో వింతగా తోచును. వీటికి గొప్ప కెమెరా అక్కరలేదు. ఉదయపు వెలుతురులో, చేయి కదలకుండ, ఒక్కొక్కటి అర నిమిషము మించకుండ తీసిన చాలును. రంగును దిద్దు ఉపాయములు ఫోనులో ఎన్నియో కలవు. వాటి జోలికి పోరాదు. పొట్లము విప్పినప్పుడు కనిపించు రంగే బొమ్మలోను కనిపించవలెను.

రంగును గూర్చి అడుగువారు తప్పక అడుగుదురు. ఆ మాటలు ఈ విధముగా సాగవచ్చును:

"ఏమండీ, బెల్లం ఇంత ముదురుగా ఉందేమిటి? బజారులో పచ్చగా మెరుస్తోందే!"

"అమ్మా, మేం హైడ్రోసు వెయ్యమండి. సున్నపు తేట, బెండ జిగురు, అంతే. రేపు పొద్దున్న వంట ఉంది, వీడియో పంపుతాను చూడండి. చూశాకే చెప్పండమ్మా, తొందరేం లేదు."

ఇట్లు చెప్పుటకు ముందు ఆ మాట నిజమై యుండవలెనని వేరుగా చెప్పనక్కరలేదు. మందు లేకుండ మంచి రంగు తెచ్చుటకు దారి పొలములోనే ఉన్నది. ఆలస్యముగా నత్రజని ఎరువు వేయరాదు. చెరకును బాగుగా పక్వమునకు రానిచ్చి నరకవలెను. నరికిన 24 గంటలలోపల గానుగ ఆడవలెను. ఉప్పు నేలలోని చెరకు బెల్లము రుచి తగ్గి, త్వరగా చెమ్మగిల్లును. అట్టి బెల్లమును ఫోను బేరమునకు పెట్టకుండుటే మంచిది.

రంగు విషయములో ఇదే చిక్కు ఈ జిల్లాలోనే మరియొక చేతిపనివారికి కూడ కలదు. వరాహ నది ఒడ్డునగల ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి లక్కబొమ్మలు చేయు కుటుంబములున్నవి. రసాయనిక రంగులు వచ్చిన పిమ్మట, గింజలు, వేళ్లు, ఆకులు, బెరడుల నుండి తీసిన రంగులను తిరిగి వాడుకలోనికి తెచ్చిన వారిలో శ్రీ సి. వి. రాజు ముఖ్యులు. వీరికి 2023లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగములో ఈ బొమ్మలను ప్రస్తావించినారు. అయినను సెల్‌ఫోను తెర మీద సహజపు రంగు బొమ్మకును, చవుక రంగు బొమ్మకును భేదము కానరాదు. ఒక్కొక్కప్పుడు చవుక రంగే ఎక్కువ మెరయును. రంగు ఎక్కడనుండి వచ్చినదో చెప్పి, రంగు తీయు విధమును చూపినవాని బొమ్మకే ఆ భేదమునకు తగిన ధర వచ్చును. బెల్లము వండువారు ఈ సంగతిని గమనింపవలెను.

ధర కట్టుటలో చాలమంది పొరపడుచున్నారు. కొలగారపు ధరకు పైన సంచి, అచ్చు చీటి, అట్టపెట్టె, రవాణా, దారిలో చెడినవాటి నష్టము, ఇంటివారి కూలి, ఇవన్నియు కలుపవలెను. ఇంటి ఆడవారు రాత్రి పది గంటల వరకు పొట్లములు కట్టు పనికి కూలి లెక్క వేయని కుటుంబములే ఎక్కువ. ఆ కూలి కూడ వేసిన తరువాత మిగులు లేనిచో ఆ బేరము మానుకొనుటే మంచిది. విశాఖకు, ఇతర పట్టణములకు ఆర్టీసీ వారి కార్గో, తపాలా పార్సెలు ఉపయోగపడును. వానకాలములో దిమ్మలు గాలిలోని చెమ్మను పీల్చి కరగును. ఆ రోజులలో పంపుటకు గాలి చొరని సంచులలో కట్టిన బెల్లపు పొడి శ్రేష్ఠము. పొడి చేయు విధమును అనకాపల్లి పరిశోధన కేంద్రము వారినడిగి తెలిసికొనవచ్చును.

పొట్లము కట్టి అమ్మువారు ఆహార భద్రతా సంస్థ వద్ద రిజిస్ట్రేషను పొందవలెను. వారిచ్చు 14 అంకెల నంబరును చీటి మీద అచ్చు వేయవలెను. దానితో పాటు తయారుచేసినవారి పేరు, చిరునామా, నికర తూకము, తయారైన నెల, సంవత్సరము, గరిష్ఠ ధర, ఫిర్యాదులకు నంబరు ఉండవలెను. గ్రామాధికారులును, రైతు సేవా కేంద్రముల సిబ్బందియు ఈ కాగితముల పనిలో రైతుకు తోడ్పడినచో, అది సభలలో చేయు ప్రసంగములకంటె ఎక్కువ ఉపకారమగును.

డబ్బు విషయములో మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. "నేను సైన్యములో అధికారిని, ఏబది కిలోలు కావలెను, ఈ గళ్లబొమ్మను స్కాను చేసి పిన్ నొక్కండి, డబ్బు మీకు పడును" అని ఫోను చేయు మోసగాండ్రు కలరు. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ నొక్కవలసిన అవసరము ఎన్నడును లేదు. పిన్ నొక్కిన డబ్బు మీ ఖాతా నుండి పోవును. "పంపినాను" అని చూపు బొమ్మను నమ్మరాదు. బ్యాంకు ఖాతాలో పడినదీ లేనిదీ చూచుకొనిన పిమ్మటనే సరుకు పంపవలెను. మోసపోయినచో క్షణము ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను.

మరియొక సంగతి. 2020 జూన్ 29న ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించినది. దాని మీదనే వేలకొలది బేరగాళ్లను కూడబెట్టుకొనినవారికి తెల్లవారుసరికి ఒక్కరును మిగులలేదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడును కలిసి సుమారు ఆరు గంటలు నిలిచిపోయినవి. ఈ దుకాణములు మనవి కావు, అద్దెకు కూర్చున్న అరుగులు. కొనినవారి పేరు, నంబరు, ఊరు, ఎప్పుడెంత కొనినారో, ఏమని చెప్పినారో ఒక మామూలు నోటు పుస్తకములో వ్రాసి యుంచుకొనవలెను. పాత పద్దు పుస్తకము వలె దానిని ఇంటిలోని చదువుకొనిన ఆడపిల్లకు అప్పగించినచో చక్కగా సాగును.

బెల్లపు వంట సాధారణముగా వేసవితో ముగియును. ఆ పిమ్మట నెలల తరబడి అమ్ముటకు ఏమియు ఉండదు. అప్పుడు ఎక్కడనో కొనిన దిమ్మలను తమ పేరు మీద పంపుటకు కొందరు సిద్ధపడుదురు. అట్లు చేయుటకంటె "ఈ ఏటి బెల్లము అయిపోయినది, కొత్త గానుగ ఆడగానే తెలియజేతుము" అని ఒక వార్త పంపి ఊరకుండుట మంచిది. తరువాత చెరకు తోట ఎదుగుచున్న బొమ్మను నెలకొకటి చొప్పున పంపిన చాలును. సంక్రాంతికి అరిసెల బెల్లము కావలసినవారు డిసెంబరు మొదటి వారములోనే అడుగ మొదలుపెట్టుదురు. సంచులను, అచ్చు చీటీలను అప్పటికి సిద్ధపరచుకొని యుండవలెను.