కళ్లకింద కాఫీ

పిల్లలూ! కాఫీ తాగితే నిద్ర పారిపోతుందని పెద్దలు అనగా మీరు వినే ఉంటారు. అలా నిద్రను తరిమేది కాఫీగింజలోని కెఫీన్ అనే పదార్థం. ఇప్పుడు దానినే కళ్లకింద రాసుకునే క్రీములలో కూడా కలుపుతున్నారు. తాగవలసిన దానిని ముఖానికి పూయడమేమిటి? వింతగా లేదూ!

కెఫీన్‌ను మొట్టమొదట వేరుచేసినవాడు రుంగే అనే జర్మను యువకుడు. ఒక విషపు మొక్క రసం వేస్తే పిల్లి కంటిపాప ఎంత పెద్దదవుతుందో అతడు 1819లో మహాకవి గేటేకు చేసి చూపాడు. గేటే ముచ్చటపడి, అతని చేతిలో కాసిని కాఫీగింజలు పెట్టి, వీటిలో ఏమున్నదో కనిపెట్టమన్నాడు. రుంగే కనిపెట్టాడు. అది తెల్లగా, చేదుగా ఉండే పదార్థం. మొక్క దానిని మనకోసం తయారు చేసుకోలేదు సుమా! తన్ను కొరికే పురుగులకు అది విషం.

మన చర్మం పైపొర ఇటుకగోడ వంటిది. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి నడుమ ఉండే కొవ్వు సున్నం. పెద్ద అణువులు ఆ గోడను దాటలేవు. కెఫీన్ అణువులో ఉన్నవి 24 పరమాణువులే గనుక అది కొంచెం కొంచెంగా లోపలికి పోగలదు. అక్కడ సన్నని రక్తనాళాలను ముడుచుకునేట్టు చేస్తుంది. నిద్ర లేవగానే కళ్లకింద కనిపించే ఉబ్బు దీనితో తగ్గుతుందని క్రీములు చేసేవారి లెక్క.

లెక్క బాగానే ఉన్నది. కాని 2011లో థాయిలాండు పరిశోధకులు ఒక తమాషా చేశారు. కెఫీన్ కలిపిన జెల్‌నూ, కలపని జెల్‌నూ కళ్లకింద రాయించి పోల్చి చూశారు. ఉబ్బు తగ్గడానికి కెఫీన్ కన్న జెల్ చల్లదనమే ముఖ్యకారణమని వారు తేల్చారు! ఆ చల్లదనం చన్నీటిలో తడిపిన గుడ్డకూ ఉన్నది గదా!

మరి కళ్లకింది నలుపు మాట? అది వేరే సంగతి. మనలో చాలామందికి అది చర్మంలో ఉండే మెలనిన్ అనే రంగు. తరచు అమ్మ నుంచో నాన్న నుంచో వస్తుంది. రక్తనాళాలు ముడుచుకున్నంత మాత్రాన రంగు ఎక్కడికి పోతుంది? మీ అక్కయ్య డబ్బు పోసి క్రీము కొని, నలుపు పోలేదని దిగులుపడుతుంటే ఈ సంగతి చెప్పండి.

ఇంట్లో అటువంటి క్రీము ఉంటే పెట్టె వెనుక చదవండి. ఎక్కువగా కలిపినవాటి పేర్లు ముందు, తక్కువగా కలిపినవాటి పేర్లు తరువాత ఉంటాయి. సాధారణంగా మొదటిది నీరే. కెఫీన్ ఎన్నోదో మీరే లెక్కపెట్టండి!