గృహహింస బాధితులకు ఉద్యోగినుల అండ

గృహహింస అనగానే దెబ్బలే గుర్తుకొస్తాయి గానీ, 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహహింస చట్టం మాటలతో అవమానించడాన్ని, లైంగిక వేధింపులను, భార్య జీతాన్నో నగలనో లాక్కోవడం వంటి ఆర్థిక పీడనను కూడా హింసగానే పరిగణిస్తుంది. హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణాధికారికి, అంటే బాధితురాలి గోడును గృహ ఘటన నివేదికగా రాసి మేజిస్ట్రేటుకు అందజేసే అధికారికి, సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో ఇచ్చినవారికి చట్టం రక్షణ కల్పిస్తుంది. అయితే బాధితురాలి ఇష్టం తెలుసుకోకుండా తొందరపడితే మేలుకన్నా కీడే ఎక్కువ.

బాధితులకు అండగా నిలవగల ఉద్యోగినుల్లో వైద్యురాలి పాత్ర అన్నిటికన్నా కీలకం. భర్తను బయట కూర్చోబెట్టి బాధితురాలితో విడిగా మాట్లాడి, ‘మెట్ల మీద జారిపడ్డాను’ అన్న మాటకూ, జబ్బపై వేళ్ల ఆకారంలో కమిలిన మచ్చలకూ పొంతన లేదని గమనించి, గాయం ఎక్కడ, ఎంత పొడవున, ఏ రంగులో ఉందో కేసు షీటులో నమోదు చేస్తే, నెలల తర్వాత కోర్టులో అదే సాక్ష్యంగా నిలుస్తుంది. గృహ ఘటన నివేదిక నమోదు కాలేదన్న సాకుతో చికిత్స నిరాకరించే వీలు ఆసుపత్రికి లేదు.

బ్యాంకు ఉద్యోగిని, బాధితురాలు తెరిచే కొత్త ఖాతా లావాదేవీల సందేశాలు భర్త ఫోనుకు కాక ఆమె సొంత నంబరుకే వెళ్లేలా చూడవచ్చు. కాపురమున్న ఇంటి కాగితాలు ఎవరి పేరున ఉన్నా అందులో నివసించే హక్కు ఆమెకుందనీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని సమకూరుస్తుందనీ న్యాయవాదులు చెప్పాలి. ‘సర్దుకుపో’ అన్న సలహా చదువుకున్న సహోద్యోగినుల నోట కూడా వినిపించడం విడ్డూరమే.

181 మహిళా హెల్ప్‌లైన్ రాత్రింబగళ్లు పనిచేస్తుంది. సఖి కేంద్రాల్లో వైద్య సాయం, న్యాయసలహా, తాత్కాలిక వసతి ఒకేచోట లభిస్తాయి.